పెళ్లిలో రాజస్థానీ జానపద నృత్యం పెట్టించాలంటే: నేల కొలత నుంచి చివరి చెల్లింపు దాకా

ఉదయ్‌పూర్‌లోనో జోధ్‌పూర్‌లోనో పెళ్లి పెట్టుకున్న తెలుగువాళ్లు తరచూ అడిగే మాట ఇది: "ఒక సాయంత్రం అక్కడి జానపద నృత్యం పెట్టిద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" మొదలుపెట్టాల్సింది నేల దగ్గర. చాలామంది వీడియోలో తలమీద ఏడు కుండలు దొంతరగా పెట్టుకుని ఆడే భవాయి చూసి ముచ్చటపడి ముందే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. తీరా ఆ రాత్రి పందిరి కప్పు 12 అడుగులేనని తేలుతుంది. కళాకారిణి నాలుగు కుండలు తీసి పక్కన పెట్టి, మిగిలిన మూడింటితో ఆడి వెళ్లిపోతుంది. అందులో ఆమె తప్పేమీ లేదు.

## 1. చోటు కొలిచాకే నృత్యం ఎంచుకోండి

టేపు పట్టుకుని మూడు కొలతలు తీసుకోండి: వేదిక పొడవు, వెడల్పు, నేల నుంచి కప్పుదాకా ఎత్తు. ఎత్తు కొలిచేటప్పుడు గుడ్డ కప్పును కాకుండా, దాని కింద వేలాడే లైట్లను, పూలదండలను లెక్కలోకి తీసుకోండి.

ఘూమర్: గుండ్రంగా తిరిగినప్పుడు ఒక్కొక్కరి ఘాఘ్రా (వెడల్పాటి పావడా) దాదాపు 5–6 అడుగుల వెడల్పున విచ్చుకుంటుంది. ఎనిమిది మంది వలయంగా ఆడాలంటే 24 అడుగుల చతురస్రం కావాలి. 16 అడుగుల వేదికే ఉంటే నలుగురితో సరిపెట్టుకోండి. ఇరుకులో ఎనిమిది మందిని నిలబెడితే ఒకరి అంచు ఇంకొకరి కాలికింద పడుతుంది.

భవాయి: మనిషి ఎత్తు 5.5 అడుగులు, కుండల దొంతర 4–5 అడుగులు, వేదిక 2 అడుగులు. ఇక్కడికే దాదాపు 12 అయింది. పైన ఇంకో 3 అడుగుల ఖాళీ లేకపోతే ఏడు కుండలు అడగకండి.

కాల్బేలియా (పాములాడించే సమాజపు ఆడవాళ్ల నృత్యం): 12 అడుగుల చోటు చాలు, కానీ నేల నున్నగా ఉండాలి. మోకాళ్ల మీద తిరుగుతారు, వెనక్కి నేలదాకా వంగుతారు.

తేరహ్ తాళి: కూర్చుని ఆడేది కాబట్టి తక్కువ చోటు పడుతుంది. అయితే వేదిక కనీసం 2 అడుగుల ఎత్తుండాలి, లేకపోతే రెండో వరస వాళ్లకు ఏమీ కనిపించదు.

గైర్: మగవాళ్లు కర్రలతో పెద్ద వలయంగా ఆడేది, నడుమ ఢోల్ ఉంటుంది. దీనికి వేదిక కాదు, మైదానం కావాలి: 35–40 అడుగులు, దాని చుట్టూ జనానికి ఇంకో 6 అడుగుల దూరం.

## 2. ఏ సందర్భానికి ఏది

ఎదురుకోలుకు కచ్ఛీ ఘోడీని మించింది లేదు. శేఖావాటీ ప్రాంతపు నృత్యం. వెదురు చట్రానికి గుడ్డ కప్పి చేసిన గుర్రాన్ని నడుముకు కట్టుకుని మగవాళ్లు ఆడతారు, వరుణ్ణి ఆహ్వానించడానికే పుట్టినట్టుంటుంది. ఇద్దరో నలుగురో చాలు, ఒక్కొక్కరికి 5 అడుగుల దారి వదలండి. వరుడు నిజం గుర్రం ఎక్కి వస్తుంటే, ఈ నృత్యానికి వాయించే నగారాకూ గుర్రానికీ మధ్య కనీసం 25 అడుగులు ఉంచండి. బయల్దేరే ముందే రెండు నిమిషాలు వాయించి గుర్రానికి ఆ చప్పుడు అలవాటు చేయమని గుర్రం మనిషికి చెప్పండి.

ఇక్కడే ఇంకో మాట. ఎదురుకోలులో మన సన్నాయి మేళం కూడా ఉంటే, రెండూ ఒకేసారి వాయించకూడదు. గుమ్మం దాకా రాజస్థానీ వాద్యాలు, గుమ్మం దగ్గర హారతి మొదలవగానే సన్నాయి. ఎవరు చెయ్యి ఎత్తితే నగారా ఆగాలో ఒక మనిషిని ముందే పెట్టుకోండి.

మెహెందీకి పగటిపూట కూర్చుని పాడే లంగా లేదా మాంగణియార్ అనే సమాజాల గాయకులు బాగుంటారు. లంగాల చేతిలో సింధీ సారంగి, మాంగణియార్ల చేతిలో కమాయచా (కమానుతో వాయించే తంత్రీవాద్యం), ఇద్దరి దగ్గరా ఖర్తాళ్ (చేతిలో పట్టి మోగించే చెక్క చిడతలు), ఢోలక్ ఉంటాయి. చేతులకు గోరింటాకు పెట్టుకుని కూర్చున్నవాళ్లు లేచి తిరగలేరు కాబట్టి, అప్పుడు పాటే సరిపోతుంది.

సంగీత్ రాత్రికి చరీ (తలమీద మంట పాత్రతో ఆడేది), ఘూమర్, కాల్బేలియా, భవాయి.

రెండింటి విషయంలో మాత్రం ఆగి ఆలోచించండి. తేరహ్ తాళి కామడ్ సమాజం వాళ్లు తమ జానపద దైవం రామ్‌దేవ్‌జీ భక్తితో ఆడేది. ఒళ్లంతా కట్టుకున్న పదమూడు తాళాలు, వాటిలో ఎక్కువ కుడికాలి మీదే. మద్యం సాగే చోట దాన్ని పెట్టకండి. పగలు, భోజనాలకు ముందు పెట్టండి. బికనేర్ ప్రాంతంలో జస్‌నాథీ శాఖ భక్తులు నిప్పుల మీద చేసే అగ్ని నృత్యం పూర్తిగా వాళ్ల ఆరాధన. దాన్ని పెళ్లి వినోదంగా అడగకపోవడమే మర్యాద.

## 3. బృందాన్ని మాట్లాడుకోవడం

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి బృందాలకు ఖాళీ దొరకదు. ముహూర్తం ఖాయం కాగానే, కనీసం నాలుగు నెలల ముందు మాట్లాడండి.

వీలైతే ఒకసారి వెళ్లి చూసి రండి. ఉదయ్‌పూర్‌లో పశ్చిమ మండల సాంస్కృతిక కేంద్రం వాళ్ల బాగోర్ కీ హవేలీలో సాయంత్రాలు ప్రదర్శనలు జరుగుతాయి. అదే ఊళ్లో 1952లో మొదలైన భారతీయ లోక్ కళా మండల్‌లోనూ నృత్యాలు, కీలుబొమ్మలాట చూడొచ్చు. అక్కడ ఓ గంట కూర్చుంటే ఏ నృత్యానికి ఏ వాద్యం నడుస్తుందో, ఏది ఎంతసేపు పడుతుందో కళ్లకు కడుతుంది. ఆ తర్వాత మాట్లాడే బేరానికీ, ఫోన్‌లో మాట్లాడే బేరానికీ చాలా తేడా ఉంటుంది.

బృందం నాయకుణ్ణి అడగాల్సినవి:

- వాద్యాలన్నీ అక్కడే వాయిస్తారా, రికార్డు పెట్టి ఆడతారా? ఏ వాద్యానికి ఎవరు వస్తున్నారు?
- నాట్యం చేసేవాళ్లు ఎందరు, వాయించేవాళ్లు ఎందరు? నలుగురు నర్తకులకు నలుగురు వాద్యగాళ్లు ఉంటే సరైన పాళ్లు.
- కాల్బేలియా ఆడేవాళ్లు కాల్బేలియా కుటుంబాలవాళ్లేనా?
- ఈ మధ్య చేసిన కార్యక్రమం వీడియో, కత్తిరింపు లేకుండా పది నిమిషాలది, ఉందా? అందులో ఉన్నవాళ్లే వస్తారా?
- కుండలు, కత్తులు, గాజు, ఇత్తడి పళ్లెం, నూనె, పత్తి గింజలు ఎవరు తెస్తారు?
- రానుపోను ప్రయాణం, బస, భోజనం ధరలో కలిసి ఉన్నాయా?

మూడో ప్రశ్న ఎందుకంటే, కాల్బేలియా పాటలు, నృత్యాలు 2010లో యునెస్కో జాబితాలో చేరాక నల్ల ఘాఘ్రా వేసుకున్న ప్రతివాళ్లూ ఆ పేరుతోనే వస్తున్నారు. పాములు ఆడించే బతుకు 1972 వన్యప్రాణి చట్టంతో మూసుకుపోయిన సమాజానికి ఈ నృత్యమే కూడు పెడుతోంది. ఆ డబ్బు వాళ్లకే చేరేలా చూడటం మన చేతిలో పని.

మధ్యవర్తి ద్వారా మాట్లాడినా, ఒప్పందం కాగితం మీద కళాకారుల సంఖ్య, అంశాల పేర్లు, నిమిషాలు, వాద్యాలు రాయించుకోండి. "రాజస్థానీ ఫోక్ షో, 1 గంట" అని ఒక్క వాక్యం రాసిన కాగితం ఎందుకూ పనికిరాదు.

## 4. నేల సిద్ధం చేయడం

వీళ్లంతా ఒట్టికాళ్లతో ఆడతారు. కార్యక్రమం నిలబడేదీ చెడేదీ ఇక్కడే.

మంచి నేల అంటే గట్టిగా బిగించిన ప్లైవుడ్, దాని మీద ముడత లేకుండా లాగి కట్టిన పల్చటి జంపఖానా. అతుకుల మీద చేత్తో రాసి చూడండి. గోరు తగిలిన చోట కాలివేలు కూడా తగులుతుంది. అక్కడ టేపు వేయించండి.

దళసరి కార్పెట్ వద్దు. పాదం అందులో దిగిపోయి, ఒళ్లు తిరిగినా మడమ తిరగదు, చీలమండ మెలిపడుతుంది. లైట్లు వెలిగే గాజు డాన్స్ ఫ్లోర్ ఇంకా ప్రమాదం: చెమట పడితే జారుతుంది, గంటసేపు వెలిగితే కాళ్లకు వేడి తగులుతుంది. కోట ముంగిట్లో రాతి నేలైతే రాత్రి తొమ్మిది తర్వాత మంచు పడి తడుస్తుంది. పొడి గుడ్డలతో ఇద్దరిని సిద్ధంగా ఉంచండి.

జైసల్మేర్ వైపు ఇసుకదిబ్బల మీద పెట్టేవాళ్లు కాల్బేలియాకు కూడా చెక్క పరిపించాలి. ఇసుకలో భవాయి అసలు వద్దు.

వేదిక మీద పూలరేకులు చల్లించకండి. ఫొటోలో అందంగా ఉంటాయి, పాదం కింద అరటితొక్కతో సమానం.

వాద్యగాళ్లకు వేదిక పక్కనే, నర్తకులు కనిపించేలా, 1 అడుగు ఎత్తు అరుగు వేయించండి. ఢోలక్ వాయించేవాడు నర్తకి పాదాన్ని చూసే దెబ్బ వేస్తాడు. అతణ్ణి వెనక తెరచాటున కూర్చోబెడితే కార్యక్రమం సగం చచ్చిపోతుంది.

## 5. నిప్పు, గాజు

చరీ నృత్యంలో తలమీద చుట్టకుదురు, దాని మీద ఇత్తడి పాత్ర, అందులో నూనెలో నానిన పత్తి గింజల మంట ఉంటుంది. కిషన్‌గఢ్ ప్రాంతపు గుజ్జర్ మహిళల నృత్యం ఇది. దీపాలు తగ్గించి, ఆ మంటల వెలుగులోనే నలుగురు స్త్రీలు తిరుగుతుంటే చూపు తిప్పుకోలేం. అందుకే జాగ్రత్తలు మరీ కచ్చితంగా ఉండాలి.

- మూసిన హాల్లో హోటల్ వాళ్ల రాతపూర్వక అనుమతి తీసుకోండి. పొగ పసిగట్టే యంత్రం మోగితే పెళ్లివారంతా బయటికి పరుగెత్తాలి.
- పరదాలు, ఎండుగడ్డి అలంకారం, థర్మకోల్ బొమ్మలు చుట్టూ 10 అడుగుల లోపు ఉండకూడదు.
- రెండు అగ్నిమాపక సిలిండర్లు, ఒక ఇసుక బకెట్, తడిపిన గోనెసంచులు, వేదికకు రెండు పక్కలా ఒక్కో మనిషి.
- గాలి ఎక్కువగా ఉంటే ఆ అంశం తీసేయండి. మంట వెనక్కి వాలితే ఓఢ్నీ (తలమీది మేలిముసుగు) అంటుకుంటుంది. నాయకుడు వద్దంటే బలవంతపెట్టకండి.

భవాయిలో గాజుముక్కల మీద, కత్తి అంచుల మీద, పళ్లెం అంచు మీద నిలబడి ఆడతారు. గాజును వేదిక మీద నేరుగా పోయనివ్వకండి. మందపాటి గుడ్డ పరిచి, దాని మీదే పోసి, అయిపోగానే నాలుగు కొసలూ పట్టి ఎత్తేయాలి. తర్వాత ఊడ్చి, టార్చి లైటును నేలకు ఆన్చి అడ్డంగా వెలిగించి చూడండి. మిగిలిన పలుకు మెరుస్తుంది. పైనుంచి చూస్తే కనిపించదు.

## 6. సౌండ్: డీజే పెట్టెలతో కుదరదు

ఎక్కువ కార్యక్రమాలు పాడయ్యేది ఇక్కడే. డీజే కోసం బేస్ పెంచి ఉంచిన స్పీకర్లలో ఢోలక్ ఎడమచేతి దెబ్బ గుమ్‌గుమ్‌మని మోగుతుంది, గాయకుడి మాట వినిపించదు.

మైకుల లెక్క ఇలా వేసుకోండి: గాయకులకు 2, ఢోలక్‌కు రెండు వైపులా 2, సారంగి లేదా కమాయచాకు 1, ఖర్తాళ్‌కు 1, మోర్చంగ్ లేదా అల్గోజా (జంట పిల్లనగ్రోవి)కు 1, కాల్బేలియా వాళ్ల బీన్‌కు 1, వ్యాఖ్యాతకు 1. మొత్తం 9. కాబట్టి 12 చానళ్ల మిక్సర్ అడగండి. వాద్యగాళ్లు నేలమీద కూర్చుంటారు కనుక పొట్టి స్టాండ్లు కావాలని విడిగా చెప్పాలి.

మోర్చంగ్ నోటితో పట్టి వాయించేది, దాని శబ్దం చిన్నది. మైకు రెండు అంగుళాల్లో ఉండాలి. బీన్ మన పాములవాళ్ల నాగస్వరం లాంటిది. దానికదే గట్టిగా మోగుతుంది, మైకు 2 అడుగుల దూరంలో చాలు. గొంతుకు ఎకో పెట్టొద్దు. మాంగణియార్ గాయకుడి గొంతులోని గమకాలు ఎకోలో కలిసిపోయి ఒకటే మోత మిగులుతుంది.

చలి రాత్రి చర్మవాద్యాలు దిగిపోతాయి. మంచుకు తోలు వదులై శ్రుతి తప్పుతుంది. వాద్యగాళ్లు అరుగు పక్కన చిన్న కుంపటి అడిగితే ఇవ్వండి. అది వాళ్ల చేతులకే కాదు, ఢోలక్‌కూ కావాలి.

సౌండ్ సరిచూసుకోవడానికి అతిథులు రాకముందే 45 నిమిషాలు కేటాయించండి. ఇంకోటి, ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. 7:30కి మొదలుపెడితేనే తీరిగ్గా ముగుస్తుంది.

## 7. 45 నిమిషాల వరస

ఇంతకన్నా పొడిగించకండి. ఈ వరసలో ప్రతిదానికీ కారణం ఉంది:

1. స్వాగత గీతం: 5 నిమిషాలు
2. చరీ: 6 నిమిషాలు
3. ఖర్తాళ్, ఢోలక్ సవాల్-జవాబ్: 4 నిమిషాలు
4. ఘూమర్: 8 నిమిషాలు
5. మోర్చంగ్, అల్గోజా: 4 నిమిషాలు
6. కాల్బేలియా: 9 నిమిషాలు
7. భవాయి: 9 నిమిషాలు

చరీ ముందుంటే అప్పుడే దీపాలు తగ్గించి జనాన్ని కూర్చోబెట్టొచ్చు. పాత్రల్లోంచి జారిన నూనె చుక్కల్ని ఖర్తాళ్ మోగుతుండగా తుడిచేయాలి. తుడవకపోతే ఘూమర్‌లో ఎవరో ఒకరు జారతారు.

అయిదో అంశం దుస్తులు మార్చుకోవడానికి. రంగుల ఘాఘ్రా విప్పి అద్దాల నల్లది కట్టుకోవడానికి అలవాటైన చేతులకు కూడా ఆ మాత్రం సమయం పడుతుంది. ఆ ఖాళీలో డీజే పాట వేస్తే, అప్పటిదాకా కూడిన వాతావరణం అంతా కరిగిపోతుంది.

గాజు ఉన్న భవాయి ఎప్పుడూ ఆఖరే. దాని తర్వాత ఆ నేల మీద ఒట్టి పాదం పడకూడదు. అతిథులు కలిసి ఆడాలనుకుంటే వేదిక మీద కాదు, కింద పచ్చికలో.

తెలుగు చుట్టాల కోసం ప్రతి అంశానికి ముందు మూడు వాక్యాల పరిచయం తెలుగులో చెప్పించండి: నృత్యం పేరు, ఎవరిది, దేన్ని గమనించాలి. మూడుకు మించితే వినరు. పెళ్లి ముహూర్తం అదే రాత్రి అయితే, కార్యక్రమం ముగియడానికీ పెళ్లికూతుర్ని గౌరీపూజకు కూర్చోబెట్టడానికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండేలా చూసుకోండి.

## 8. ఇంటి ఆడవాళ్లు ఘూమర్ ఆడాలనుకుంటే

ఆరు రోజులు, రోజుకు గంట. అంతకన్నా తక్కువైతే వేరే నృత్యం చూసుకోవడం మంచిది.

మొదటి రెండు రోజులు తిరగడం ఒక్కటే. కుడిపాదం పూర్తిగా నేలకు ఆన్చి ఇరుసులా ఉంచాలి, ఎడమ మునివేళ్లతో నెడుతూ తిరగాలి. చాలామంది రెండు కాళ్లూ ఎత్తి గెంతుతారు. అప్పుడు ఘాఘ్రా విచ్చుకోదు, ఎగిరెగిరి పడుతుంది. తల తిరుగుతోందంటే చూపు చుట్టూ జనం మీద ఉందన్నమాట. ఎత్తిన చేతి వేళ్ల మీద నిలపండి.

మూడు, నాలుగు రోజుల్లో చేతులు, వంగి లేవడం. అయిదో రోజు అసలు ఘాఘ్రాతోనే సాధన. చుడీదార్‌లో నేర్చుకుని నేరుగా వేదిక ఎక్కితే ఆ గుడ్డ బరువుకే అడుగు ఆలస్యమవుతుంది. ఆరో రోజు వాద్యగాళ్లతో, లేదంటే కనీసం అదే వేగంలో ఉన్న పాటతో.

ఘాఘ్రా అంచు నేలకు 4 అంగుళాల పైన ఉండాలి. లోపల చుడీదార్ వేసుకోండి. ఓఢ్నీకి మూడు చోట్ల పిన్నులు: నడినెత్తిన, భుజం మీద, నడుము దగ్గర. చేతినిండా గాజులుంటే చివరిది బిగుతుగా ఉండాలి, లేకపోతే చెయ్యి దించగానే అన్నీ జారిపోతాయి.

## 9. మర్యాద, చెల్లింపు

కళాకారులకు తలుపు గడియపడే గది, అద్దం, మంచినీళ్లు, ఆడవాళ్లకు విడిగా బాత్రూమ్ ఏర్పాటు చేయండి. తోటలో పరదా కట్టి "గ్రీన్ రూమ్" అంటే కుదరదు. ప్రదర్శనకు రెండు గంటల ముందే తేలికపాటి భోజనం పెట్టండి. కడుపునిండా తిన్న కాల్బేలియా నర్తకి వెనక్కి వంగలేదు.

అతిథుల్ని నోట్లు విసరనివ్వకండి, వేదిక ఎక్కనివ్వకండి. నేలమీది నోటును కనురెప్పలతో ఎత్తి చూపించమని కాల్బేలియా నర్తకిని అడుగుతూ కేకలు వేస్తుంటారు. అది చేయాలో వద్దో ఆమె ఇష్టం. బహుమానం ఇవ్వాలనిపిస్తే అక్కడి పద్ధతి చక్కనిది: వధూవరుల తల చుట్టూ డబ్బు దిష్టి తీసినట్టు తిప్పి, బృందం పెద్ద చేతిలో పెడతారు. దాన్ని న్యోఛావర్ అంటారు. ఆ డబ్బు బేరంలో కలిసేది కాదు, బృందమంతా పంచుకునేది.

ఒప్పుకున్న మొత్తంలో మూడోవంతు మాట్లాడినప్పుడు, మూడోవంతు వాళ్లు బయల్దేరే ముందు, మిగిలింది ఆ రాత్రే. "రేపు హోటల్‌కి రండి" అనకండి; తెల్లవారేసరికి వాళ్లు ఇంకో ఊళ్లో ఉంటారు. లెక్క చూసే బాధ్యత పెళ్లిపనుల్లో లేని ఒక బంధువుకు అప్పగించి, కవర్ సాయంత్రమే ఆయన జేబులో పెట్టండి. కుండలు, కత్తులు, పళ్లేలు సర్దుకోవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా వేదిక లైట్లు ఆర్పొద్దని ఎలక్ట్రీషియన్‌కు చెప్పి ఉంచండి.